కాగితం మీద టీకా

జూన్ 4

వదినా,

నువ్వూ అన్నయ్యా బాగున్నారనే నమ్మకంతో మొదలుపెడుతున్నాను. అన్నయ్య నడుం నొప్పి తగ్గిందా? వంగి పనిచేయొద్దని డాక్టరు చెప్పినట్టు రాశావు. వంగకుండా రేడియో విప్పే ఉపాయం ఈపాటికి కనిపెట్టే ఉంటాడు. మా అన్నయ్య సంగతి నాకు తెలియనిదా.

ఈసారి ఊసుపోక రాయడం లేదు. నీతో పనిబడింది.

నేను పనిచేసే క్రెష్ గురించి నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. బట్టల ఫ్యాక్టరీలో కత్తిరింపుల షెడ్డు మీద పొడవాటి గది. కింద యంత్రం తిరుగుతుంటే మా నేల సన్నగా వణుకుతుంది. పసివాళ్ళకు ఆ వణుకే ఉయ్యాల. యంత్రం ఆగిందంటే అందరూ ఒక్కసారే లేచి రాగాలు తీస్తారు. నలభై ఒక్కమంది పిల్లలు, ముగ్గురు ఆయాలు, నేను. హాజరు, పాల లెక్క, టీకా కార్డుల ఫైలు నా పనులు.

ఊళ్ళో కిందివైపు బస్తీల్లో తట్టు వచ్చింది. దాంతో ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చి నా ఫైలు ముందేసుకుని కూర్చున్నాడు. టీకా వయసు వచ్చినవాళ్ళలో తొమ్మిదిమందికి తట్టు టీకా గడి ఖాళీగా ఉంది. "పద్నాలుగో తేదీ లోపల నింపండమ్మా. కార్డు లేని పిల్లని ఆ తర్వాత గుమ్మం దాటనిచ్చారంటే ఈ గదికి తాళం పడుతుంది" అన్నాడు. మనిషి మర్యాదస్థుడే, టీ కూడా తాగలేదు.

ఆ తొమ్మిది ఇళ్ళ చుట్టూ తిరిగేసరికి నా చెప్పులు అరిగాయి. ఒకామె కార్డును ట్రంకుపెట్టె అడుగున పరిచింది. ఇంకో ఇంట్లో పిల్లాడు కార్డు నమిలాడు, సరిగ్గా తేదీ ఉన్న మూల వాడి కడుపులోకి పోయింది. ఎలాగో ఎనిమిది తేలాయి. మిగిలింది ఒక్కటే. మేమంతా పిచ్చుక అని పిలిచే పాప. ఏడాదీ పది నెలలు. పెట్టిందేదైనా గింజ గింజగా ఏరుకు తింటుంది, అందుకని ఆ పేరు. తల్లి కుట్టు విభాగంలో గుండీల కాజాలు కుడుతుంది. తండ్రి లారీ మీద తిరుగుతాడు. నాలుగు నెలల కిందట మీ ఊరి నుంచే వచ్చారు. ఇల్లు మారేటప్పుడు కార్డు పోయింది. "మా పాపకి వేయించానమ్మా. చెంప మీద నల్లమచ్చ ఉన్న నర్సమ్మ వేసింది. పోయిన ఆగస్టు, బాగా వాన పడ్డ సోమవారం" అంది. ఆ నర్సమ్మ ఎవరో నాకు తెలియదా! ఎంత సంబరపడ్డానో.

మీ క్లినిక్కు రిజిస్టరులో చూసి ఒక్క ముక్క రాసి, ముద్ర వేసి పంపు. తల్లి పేరు, పాప పేరు వేరే చీటీ మీద రాసి పెట్టాను. నీ మీద నమ్మకం లేక కాదు, ఫైల్లో కాగితం ఉండాలి. కొన్నిచోట్ల వేయకుండానే వేసినట్టు రాసేస్తున్నారని ఇన్‌స్పెక్టరు అన్నాడులే. అందుకే ఇంత పట్టుపడుతున్నాడు.

తిరుగుటపాలో రాస్తావు కదూ.

నీ ఆడపడుచు
బుల్లి


జూన్ 10

బుల్లికి,

నీ ఉత్తరం ఏడో తేదీన అందింది. మీ అన్నయ్య నడుం అలాగే ఉంది. రేడియో మాత్రం బాగుపడింది.

ఇరవై రెండేళ్ళుగా సూది పట్టుకుంటున్నాను. వేయకుండా వేసినట్టు రాసే నర్సులు ఎక్కడున్నారో మీ ఇన్‌స్పెక్టరుగారినే అడుగు. ఆయన అన్నాడని నాకు రాయడంలో నీ ఉద్దేశం ఏమిటో నాకు అర్థం కాకపోలేదు. పోయినసారి వచ్చినప్పుడు కూడా నా వంటింట్లో డబ్బాల మూతలన్నీ తీసి చూశావు. పురుగుందేమోనని చూశానన్నావు. అప్పుడు ఊరుకున్నాను.

రిజిస్టరు పై ఆఫీసుకు వెళ్ళింది. ఎప్పుడు వస్తుందో తెలియదు. అది చూడకుండా నేనేదీ రాసివ్వలేను. పని అన్నాక పద్ధతి ఉంటుంది. నీకు చెప్పాలా?

ఇక్కడ ఎండలు తగ్గలేదు.

వదిన


జూన్ 15

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను నిన్ను అనుమానించడమేమిటి? ఇన్‌స్పెక్టరు అన్న మాట నోటికొచ్చినట్టు రాసేశాను, అంతే. నోరు జారినట్టే నాకు కలమూ జారుతుంది. డబ్బాల సంగతంటావా, నిజంగానే పురుగు కోసం చూశాను. తప్పే. క్షమించు.

నిన్నటితో గడువు అయిపోయింది. ఇవాళ పొద్దున్న పిచ్చుకను గుమ్మం దగ్గర ఆపాను. ఆపింది నేనే వదినా, ఆయాలెవరూ ముందుకు రాలేదు. కాజాలామె పాపని నా చేతికి ఇవ్వబోయింది. నేను చేతులు చాపలేదు.

"కార్డు రాలేదు తల్లీ. మా వదిన రాసి పంపాలి" అన్నాను.

"వేయించానని చెప్పాను కదమ్మా. నా మాట సరిపోదా?"

"నాకు సరిపోతుంది. ఫైలుకి సరిపోదు."

ఆ మాట అన్నాక నాకే ఎలాగో అనిపించింది. పని మొదలయ్యే గంట కొట్టారు. ఆమె కిందికి చూసింది, పాప వంక చూసింది. పిచ్చుక అప్పటికే తన చెప్పులు విప్పి గుమ్మం పక్కన వరసలో పెట్టేసింది. వాటిని మళ్ళీ తొడగబోతే కాళ్ళు ముడుచుకుని ఒకటే ఏడుపు.

ఇక్కడి ఆసుపత్రిలో మళ్ళీ వేయిద్దామంటే మందు అయిపోయిందట. తట్టు భయంతో ఊరంతా వచ్చి పడింది. ఇరవై నాలుగున కొత్త మందు వస్తుందన్నారు. అందాకా పాపని పిండిమిల్లు వెనక ఒకావిడ దగ్గర వదులుతానంది, ఇవాళే వదిలింది. ఆవిడ ఒక్క గదిలో పద్నాలుగుమందిని పెట్టుకుని చూస్తుంది. అక్కడ కార్డూ అడగరు, పేరూ అడగరు. నేను సాయంత్రం వెళ్ళి చూసొచ్చాను. కిటికీ లేదు.

రిజిస్టరు వచ్చిందేమో చూడు. రాకపోతే నీకు గుర్తున్నదే రాయి. నీ సంతకముంటే చాలని మా మేనేజరు అంటున్నాడు. కోపం నా మీద చూపించు, ఆ బిడ్డ మీద కాదు.

బుల్లి


జూన్ 20

బుల్లీ,

రిజిస్టరు వచ్చింది. పేరు ఉంది, తేదీ ఉంది. చీటీ మీద సంతకం చేసి, ముద్ర వేసి ఇందులో పెట్టాను. ఫైల్లో పెట్టుకో.

అంత పట్టింపుంటే ఇరవై నాలుగున మందు వచ్చాక ఆ తల్లిని ఇంకోసారి వేయించుకోమను. రెండోసారి వేస్తే నష్టమేమీ లేదు. వేయించుకోమనే చెప్పు.

నాకు ఈమధ్య నిద్ర సరిగ్గా పట్టడం లేదు. వయసు కాబోలు. మీ అన్నయ్య నిన్ను అడిగినట్టు రాయమన్నాడు.

వదిన


జూన్ 26

మా మంచి వదినకు,

నీ చీటీ ఇరవై మూడున చేరింది. మరునాడే పిచ్చుక వచ్చేసింది! వస్తూనే తిన్నగా వెళ్ళి తన గిన్నె ఎక్కడుందో వెతుక్కుంది. పది రోజుల్లో పిల్ల కాస్త వాడింది. ఆయాలు ముగ్గురూ వంతులేసుకుని ఎత్తుకున్నారు. కాజాలామె నా రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. "మీ వదినగారికి నా దణ్ణాలు రాయండమ్మా" అంది. రాస్తున్నాను, అందుకో.

ఫైలు ఇప్పుడు అద్దంలా ఉంది. నలభై ఒక్క కార్డులు, నిండాల్సిన గడి ఒక్కటీ ఖాళీ లేదు. ఇన్‌స్పెక్టరు చూసి "ఇలా ఉండాలి" అన్నాడు. ఆయన నోట అంతకంటే పొగడ్త రాదట, మేనేజరు చెప్పాడు.

మళ్ళీ వేయించుకోమని నువ్వు దెప్పిన మాట ఆమెకు చెప్పలేదులే. కోపంతో రాశావని నాకు తెలియదా. ఇరవై నాలుగున ఆసుపత్రి ముందు వరస రోడ్డు దాకా ఉంది. పొద్దున వెళ్ళినవాళ్ళు సాయంత్రానికి బయటపడ్డారు. నీ చీటీ పుణ్యమా అని ఆమెకు ఆ తిప్పలు తప్పాయి.

పిండిమిల్లు వెనకావిడ దగ్గర ఇద్దరు పిల్లలకు ఒళ్ళంతా దద్దుర్లట. వింటే ఒళ్ళు జలదరించింది. సమయానికి మనమ్మాయిని బయటపడేశాం. ఇవాళ పిచ్చుకకు ముక్కు కారుతోంది, ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది, కళ్ళు ఎర్రబడ్డాయి. వచ్చేదారిలో తల్లి ఆసుపత్రికి తీసుకెళ్తే, నేను ఎత్తి రాసిచ్చిన నీ చీటీ నకలు డాక్టరు చూసి, టీకా పడింది కాబట్టి తట్టు కాదు, జలుబే, చేర్చక్కర్లేదన్నాడట. నాకూ భయం లేదు. నీ చేత్తో వేసింది కదా.

అన్నయ్యకు నా నమస్కారాలు. నడుం జాగ్రత్త అని చెప్పు.

నీ బుల్లి


జూన్ 30

బుల్లీ,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ముందు తపాలాఫీసుకు పరుగెత్తి టెలిగ్రాం ఇచ్చి వచ్చాను. ఈ ఉత్తరం కంటే ముందే అది నీకు చేరి ఉంటుంది. పాపకు టీకా పడినట్టు కాదు. అది తట్టే అయి ఉండొచ్చు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. నా చీటీ నమ్మొద్దని డాక్టరుతో చెప్పు. మిగతా పిల్లల దగ్గరికి పోనీయొద్దు.

ఇక జరిగింది రాస్తాను. మధ్యలో ఆపకుండా చదువు.

పోయిన ఆగస్టులో శని, ఆదివారాలు క్లినిక్కుకు సెలవు. సోమవారం పొద్దున్న వచ్చి ఫ్రిజ్జు తలుపు తీస్తే చల్లగాలి తగల్లేదు. ఇంతకుముందే ఎవరో తీసి ఉంటారనుకున్నాను. అలా అనుకోవడం సులువుగా ఉంది, అనుకున్నాను. బయట వానలో గేటు దాకా తల్లులు నిలబడి ఉన్నారు. నలభైమూడుమంది పిల్లలకు సూది వేశాను, నలభైమూడు పేర్లు రాశాను. సాయంత్రం మిగిలిన సీసాలు లోపల పెట్టబోతే ఐసు ట్రేలలో నీళ్ళు కదిలాయి. ప్లగ్గు సగం ఊడి వేలాడుతోంది. తట్టు మందు వేడి తగిలితే చచ్చిపోతుంది. నేను వేసింది నీళ్ళతో సమానం.

డాక్టరుగారికి చెప్పాను. ఆయన లేచి గది తలుపు వేశాడు. తర్వాత, "ఇప్పుడు ఇల్లిల్లూ తిరిగి ఈ మాట చెబితే రేపటినుంచి ఇక్కడికి ఒక్క తల్లి రాదు. ఉన్న టీకాలు కూడా ఆగిపోతాయి. రాసింది రాసినట్టే ఉండనీండి" అన్నాడు. అందులో న్యాయం ఉందనిపించింది. ఉందనిపించేలా మనసుకు నేర్పుకున్నాను.

నీ మొదటి ఉత్తరంలో వేయకుండా రాసేస్తున్నారన్న మాట చూసి, నా సంగతి ఎలాగో మీదాకా వచ్చిందనుకున్నాను. రిజిస్టరు ఎక్కడికీ పోలేదు. నీకు జవాబు రాస్తున్నప్పుడు నా మోచేతి కింద ఉంది. రెండో ఉత్తరం వచ్చాక చీటీ రాశాను. సూది వేసిన మాట నిజమే కదా అని సమాధానపడ్డాను. మళ్ళీ వేయించమని రాసింది దెప్పడానికి కాదు బుల్లీ. అంతకంటే బయటికి చెప్పే ధైర్యం లేక.

పాప ఎలా ఉందో టెలిగ్రాం ఇవ్వు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

వదిన


జూలై 8

వదినకు,

పిచ్చుక లేదు. నాలుగో తేదీ మధ్యాహ్నం పోయింది.

టెలిగ్రాం ఇవ్వమన్నావు. రెండుసార్లు తపాలాఫీసు దాకా వెళ్ళాను. ఫారం మీద ఎన్ని మాటల్లో రాయాలో తెలియక తిరిగి వచ్చేశాను.

జరిగింది వరసగా చెబుతాను. ఇరవై తొమ్మిదిన చెవుల వెనక దద్దుర్లు వచ్చాయి. సాయంత్రానికి ముఖమంతా పాకాయి. కాజాలామె అప్పటికీ భయపడలేదు. టీకా పడ్డ పిల్లకదా, చెమటకాయలై ఉంటాయనుకుంది. నన్ను అడిగితే నేనూ అదే అన్నాను. ఒకటో తేదీకి ఊపిరి పట్టేసింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. నీ టెలిగ్రాం నాకు రెండున అందింది. చేతిసంచిలో పెట్టుకుని వార్డుకు పరుగెత్తాను. డాక్టరును పక్కకు పిలిచి చూపించాను. "ఇప్పుడు ఇది తెలిసి చేసేదేముందమ్మా. ఊపిరితిత్తుల్లోకి దిగింది" అన్నాడు. మొదటి రెండు మూడు రోజుల్లోనే చేర్చి ఉంటే బతికేదా అని అడిగాను. చెప్పలేనన్నాడు. బతికేదనీ అనలేదు, బతకదనీ అనలేదు.

తల్లి మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి, "వేయించాక కూడా వస్తుందా అమ్మా?" అంది. అక్కడున్న నర్సు, "అప్పుడప్పుడు వస్తుంది" అంది. నా సంచిలో టెలిగ్రాం ఉంది. నేను నోరు విప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. వాళ్ళాయనకు కబురు అందేసరికి అంతా అయిపోయింది. లారీ రోడ్డు మీదే ఆపి, సరుకుతో సహా వదిలేసి వచ్చాడు.

తప్పంతా నీ మీదే వేసి నేను తప్పించుకోవాలని చూడటం లేదు. ఆ రోజు గుమ్మం దగ్గర నేను చేతులు చాపి ఉంటే పిల్ల ఆ కిటికీ లేని గదికి పోయేది కాదు. ఇరవై ఆరున ఒళ్ళు వెచ్చగా, ముక్కు కారుతూ వచ్చినప్పుడు వెనక్కి పంపాల్సింది. నేను దాని ఒంటిని పట్టించుకోలేదు. ఫైలు చూశాను. ఒంట్లో బాగున్నప్పుడు కార్డు లేదని ఆపాను, ఆపాల్సినప్పుడు కాగితం చూసి రానిచ్చాను. మూడు రోజులు నలభైమందిలో ఆడుకుంది. ఇవాళ్టికి ఇంకో ఇద్దరికి జ్వరం. ఒక పాపకు ఏడు నెలలు. టీకా వేసే వయసే రాలేదు.

వచ్చే సోమవారం ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. నీ చీటీ, టెలిగ్రాం, ఉత్తరాలు అన్నీ ఆయన ముందు పెడతాను. నన్ను ఆపమని అన్నయ్య చేత రాయించకు.

ఇంకొకటి. నలభైమూడుమంది అన్నావు. మిగతా నలభై రెండుమంది తల్లులు ఇవాళ కూడా మా పిల్లకు టీకా పడిందనే ధీమాతో ఉన్నారు. వాళ్ళకు ఎవరు చెబుతారు?

బుల్లి


జూలై 16

బుల్లీ,

నీ ఉత్తరం మీ అన్నయ్య చదివాడు. నేనే ఆయన చేత విప్పించాను. ఆయనకు అదే మొదటిసారి తెలియడం. చదివి మడిచి బల్ల మీద పెట్టాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నేను ఆ మర్నాడే జిల్లా వైద్యాధికారి దగ్గరికి వెళ్ళాను. రిజిస్టరు తీసుకెళ్ళి ఆ పేజీ చూపించాను. అంతా రాసి సంతకం పెట్టాను. నన్ను పనిలోంచి నిలిపేశారు. విచారణ ఉంటుంది. మా డాక్టరుగారు, నేను తనకేమీ చెప్పలేదని రాసిచ్చాడట. దాని గురించి నాకు కోపం రాలేదు. ఏడాదిపాటు నేనూ ఏమీ జరగలేదనే నాకు చెప్పుకున్నాను.

ఆ పేజీ ఎత్తి రాసుకున్నాను. అధికారులు వెళ్తారులే, విచారణ తేలాక జాబితా తయారవుతుందన్నారు. నేను ఆగలేకపోయాను. నీ ఉత్తరం అందిన మూడో రోజు పొద్దున్న మీ అన్నయ్య చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడి, "ముందు ఏ వీధికి?" అన్నాడు. అప్పటినుంచి ఒక చేత్తో నడుం పట్టుకుని నాతో తిరుగుతున్నాడు.

ఏం చెప్పమంటావు. తలుపు తట్టి, "పోయిన ఆగస్టులో మీ బిడ్డకు నేను వేసిన మందు పాడైపోయింది, మళ్ళీ వేయించండి" అంటాను. కొందరు నీళ్ళిచ్చి కూర్చోబెట్టి మళ్ళీ చెప్పమంటారు. ఒకామె, "అప్పుడూ మీరే వచ్చి మంచిదని చెప్పారు. ఇప్పుడూ మీరే వచ్చి కాదంటున్నారు. ఇంకోసారి ఎలా నమ్మను?" అంది. కొత్తగా వచ్చిన నర్సు పేరు చెప్పి, ఆ అమ్మాయి ఎదురుగా మందు సీసా పట్టుకుని చూడమన్నాను, చల్లగా ఉంటేనే వేయించుకోమన్నాను. ఒకాయన నన్ను వీధిలోకి నెట్టాడు. మీ అన్నయ్య అడ్డం రాబోతే నేనే వద్దన్నాను.

ఇప్పటికి ఇరవై తొమ్మిది ఇళ్ళయ్యాయి. ఇరవై నలుగురు మళ్ళీ వేయించుకున్నారు. ఒక ఇంట్లో పిల్లాడికి మార్చిలోనే తట్టు వచ్చి పోయింది. బతికాడు. చూపు మందగించింది. వాళ్ళమ్మ నన్నేమీ అనలేదు, ఎందుకు వచ్చిందో కారణం తెలిసిందని మాత్రం అంది. మిగిలిన పదమూడుమంది ఇళ్ళు మారిపోయారు. ఎక్కడున్నారో చెప్పేవాళ్ళు లేరు.

కాజాలామెకు నేనే వచ్చి చెబుతాను. ఆ పని నీ నెత్తిన పెట్టను. ఎప్పుడు రమ్మంటావు?

వదిన


జూలై 23

వదినా,

నువ్వు రావద్దు. నేను చెప్పేశాను.

ముందు ఇక్కడి సంగతి. ఇన్‌స్పెక్టరు కాగితాలన్నీ చదివి, "కార్డు చూడమన్నాను గానీ పిల్లను చూడొద్దన్నానా?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. ఫైలు నా దగ్గరనుంచి తీసేశారు. ఇప్పుడు పాల లెక్క మాత్రం చూస్తున్నాను. ఏడు నెలల పాప ఆసుపత్రినుంచి ఇంటికొచ్చింది. కుడి చెవి వినబడదంటున్నారు. రెండో పిల్లాడు కోలుకున్నాడు. క్రెష్ పది రోజులు మూసి మళ్ళీ తెరిచారు.

కాజాలామె పదిహేనో రోజున పనిలోకి వచ్చింది. ఆమె మెట్లెక్కి పైకి రాదు. భోజనాల వేళ చేతులు కడిగే తొట్టి దగ్గర ఒక్కతే ఉంటే నేనే కిందికి దిగాను. ముందే ఎలా చెప్పాలో వరస వేసుకున్నాను, ఒక్కటీ గుర్తురాలేదు. ఫ్రిజ్జు ప్లగ్గు ఊడటం, నువ్వు రాసిన చీటీ, టెలిగ్రాం వార్డులో నా సంచిలో ఉండటం, అన్నీ ముందువెనకలుగా చెప్పేశాను. ఆ నర్సు మా వదిన అని ఆమెకు తెలుసు. ఇప్పుడు మళ్ళీ చెప్పాను.

కుళాయి కట్టలేదు. నీళ్ళు పోతూనే ఉన్నాయి.

"ఆసుపత్రిలో అడిగితే చెప్పలేదేం?" అంది.

"భయపడ్డాను."

"పాప పోతుందనా?"

"కాదు. నువ్వేమంటావోనని."

ఆమె చేతులు తుడుచుకుంది. ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకుంది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనీ అనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండుననిపించింది. "నేను దానికి రోజూ చెప్పేదాన్నమ్మా, నీకు మందు పడింది, నీకేం కాదు అని. జ్వరంలో కూడా అదే చెప్పాను. ఏడుస్తుంటే కసిరాను" అంది. నేను మా వదిన వచ్చి మాట్లాడుతుందట అన్నాను. "వద్దు. ఆమె ముఖం నేను చూడలేను. ఎప్పటికీ రావద్దని రాయండి" అంది.

నేను రెండు మెట్లు ఎక్కాక వెనకనుంచి పిలిచింది.

"మిగతావాళ్ళందరికీ చెప్పారా?"

పదమూడుమంది దొరకలేదన్నాను. టీకా వేయించిన రోజు వరసలో తన వెనక నిలబడ్డామెకు కవల పిల్లలట. ఇద్దరినీ ఎత్తుకుని నిలబడలేకపోతుంటే ఒక పిల్లను ఈమె ఎత్తుకుందట. సూది వేయించేటప్పుడు కూడా ఆ పిల్ల ఈమె ఒళ్ళోనే ఉందట. "వాళ్ళాయన ఇటుకల బట్టీలో పని. వానలు తగ్గాక నదికి అవతలి బట్టీకి పోతామంది. పిల్లల్లో ఒకదానికి పై పెదవి చీలి ఉంటుంది. చూస్తే గుర్తుపట్టొచ్చు. వాళ్ళింకా అక్కడే ఉంటే..." అని ఆగిపోయింది. గంట కొట్టారు. యంత్రం దగ్గరికి వెళ్ళిపోయింది.

నదికి అవతల బట్టీలు ఎన్నున్నాయో నాకు తెలియదు. అన్నయ్య నడుంతో అంత దూరం నడవలేడు, నువ్వే వెళ్ళు. ఇద్దరు ఆడపిల్లలు, ఇప్పుడు రెండేళ్ళుంటాయి. మీ నది మీద పడవలు పొద్దున్నే మొదలవుతాయనుకుంటాను. నాకు జవాబు రాయడానికి కూర్చోకు. ఈ ఉత్తరం అందగానే బయలుదేరు.

బుల్లి